కోట మీదుగా మెట్టకు...

పశ్చిమగోదావరి అనగానే ఎవరికైనా ఏం గుర్తొస్తుంది? నిండుగా పారే కాలువలు, కనుచూపు మేరా వరిచేలు, గట్ల మీద కొబ్బరిచెట్లు. సినిమాల్లో చూపించేదీ అదే. కానీ ఆ పాత జిల్లాకు ఇంకో ముఖం ఉంది. అక్కడ నేల ఎర్రగా ఉంటుంది. కాలువలుండవు. చేను తడవాలంటే వాన పడాలి, లేదంటే బోరు పొయ్యాలి. అదే మెట్ట.

ఆ ముఖం చూడాలంటే ఏలూరులో జంగారెడ్డిగూడెం బస్సెక్కాలి. కామవరపుకోట మీదుగా సాగే ఈ రాష్ట్ర రహదారి పొడవు యాభై కిలోమీటర్లకు కాస్త పైన. ప్రయాణం గంటన్నర. ఆ గంటన్నరలో కిటికీ పక్కన దాదాపు రెండు వేల ఏళ్ల చరిత్ర వెనక్కి వెళ్లిపోతుంది. చాలామంది ఆ సమయంలో కునుకు తీస్తుంటారు!

కాలువ ఆగిన చోట

ఈ దారి కథ ఏలూరు కాలువ దగ్గర మొదలవుతుంది. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కట్టించాడు. మరో మూడేళ్లకు బెజవాడలో కృష్ణకూ ఆనకట్ట లేచింది. ఆ రెండు నదుల నీళ్లూ కాలువల్లో నడిచొచ్చి కలుసుకున్న ఊరు ఏలూరు. ఇటు గోదావరి కాలువ, అటు కృష్ణా కాలువ. కాలువ అంటే అప్పట్లో పొలానికి నీరు ఒక్కటే కాదు, దారి కూడా. ధాన్యం బస్తాలు, ఉప్పు, కలప, మనుషులు... అన్నీ పడవల మీదే. 1890ల్లో రైలు వచ్చేదాకా డెల్టాకు పెద్ద రహదారి ఆ నీళ్లే. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా సాగే కాలువల వరుసను 2008లో జాతీయ జలమార్గంగా ప్రకటించినప్పుడు ఏలూరు కాలువకూ అందులో చోటు దక్కింది.

అయితే నీరు పల్లమెరుగు. ఏలూరుకు ఉత్తరాన నేల మెల్లగా పైకి లేస్తుంది. కాలువ నీరు ఆ ఎత్తు ఎక్కలేదు. దాంతో ఒకే జిల్లా రెండు ముక్కలైంది. కాలువకు కింద రెండు పంటలు పండే పల్లం, పైన ఆకాశం వంక చూసే మెట్ట. పల్లంలో పంటను పడవ మోసింది. మెట్టలో బండి మోయాలి, బండికి బాట కావాలి. ఒకప్పటి బండ్లబాట, తర్వాతి కంకర రోడ్డు, ఇప్పటి తారు రోడ్డు... అన్నీ ఆ అవసరంలోంచి వచ్చినవే. మద్రాసు ప్రెసిడెన్సీలో 1884 చట్టంతో జిల్లా, తాలూకా బోర్డులు ఏర్పడి ఇలాంటి బాటల ఆలనాపాలనా చూశాయి. 1925లో కృష్ణా జిల్లా నుంచి విడిపోయి పశ్చిమగోదావరి పుట్టింది. ఏలూరు దానికి ముఖ్య పట్టణమైంది. ఇక మెట్ట జనానికి కోర్టు పనయినా, ఆసుపత్రి పనయినా, కలెక్టరాఫీసులో అర్జీ అయినా ఈ దారి పట్టక తప్పలేదు. 2022 ఏప్రిల్ 4న ఏలూరే ఒక జిల్లా అయింది. కామవరపుకోట, జంగారెడ్డిగూడెం అందులోకే వచ్చాయి. జిల్లా పేరు మారింది గానీ అర్జీ పట్టుకుని నడిచే దారి మారలేదు.

వేంగి వాకిట్లో

ఏలూరు పొలిమేరలో చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారిని దాటితే అసలు ప్రయాణం మొదలు. కాసేపటికే దారికి చేరువలో పెదవేగి. చూడటానికి మామూలు పల్లెటూరు. పామాయిల్ తోటల మధ్య, అరటి తోటల మధ్య ఒదిగి ఉంటుంది. కానీ ఇదే ఒకనాటి వేంగి! నాలుగో శతాబ్దంలో శాలంకాయనులకు రాజధాని. సముద్రగుప్తుడి అలహాబాదు స్తంభ శాసనంలో 'వేంగి హస్తివర్మ' పేరు కనిపిస్తుంది. ఏడో శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ఆంధ్రదేశం రాజధానిగా రాసుకున్నదీ ఈ ఊరినే. చాళుక్య రెండో పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడి వంశం ఇక్కడి పేరుతోనే వేంగి చాళుక్యులుగా ప్రసిద్ధికెక్కింది. ఆ వంశంలోని రాజరాజ నరేంద్రుడి కొలువులోనే నన్నయ తెలుగు భారతానికి శ్రీకారం చుట్టాడు. అప్పటికి కొలువు రాజమహేంద్రవరానికి మారింది.

రాజధాని ఇక్కడే ఎందుకు? ఈ ప్రశ్నకు ఫ్రెంచి పండితుడు జూవో దుబ్రుయ్ దారుల వైపు చూసి జవాబు చెప్పాడు. కళింగం, ద్రవిడం, కర్ణాటకం, మహారాష్ట్రం, కోసలం... ఈ ఐదు దేశాలకు వెళ్లే ఐదు పెద్ద దారులు వేంగి దగ్గర కలిసేవని ఆయన గుర్తించాడు. ఆంధ్రదేశంలోని పేరున్న బౌద్ధ క్షేత్రాలు ఆ దారుల వెంబడే వరుసగా కనిపిస్తాయి. బౌద్ధ భిక్షువు భిక్షాటన మీద బతకాలి. అందుకే మరీ అడవిలోకి పోలేడు, మరీ సంతలోనూ ఉండలేడు. బాటకు కాస్త ఎడంగా కొండ చూసుకుంటాడు. మన బస్సు వెళ్తున్న వైపు అలాంటి కొండ ఒకటి ఉంది. దాని సంగతి కోట చేరాక!

గెలల లారీ తొందర

పెదవేగి దాటాక దారికి రెండు పక్కలా నీడ. గొడుగుల్లా విచ్చుకున్న పామాయిల్ చెట్లు. 1980ల చివర్లో, 90ల మొదట్లో మెట్ట రైతు ఈ కొత్త పంటను పట్టుకున్నాడు. 1995లో ఆయిల్‌పామ్ జాతీయ పరిశోధన కేంద్రం పెదవేగిలోనే ఏర్పాటైంది. తర్వాత అదే భారత ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ అయింది. ఆయిల్‌ఫెడ్ కర్మాగారమూ ఈ ఊళ్లోనే ఉంది. ఇవాళ దేశంలో పండే పామాయిల్‌లో సింహభాగం రెండు తెలుగు రాష్ట్రాలదే.

ఈ పంటకూ రోడ్డుకూ విడదీయలేని బంధం ఉంది. వడ్లు కోసి గాదెలో పోసుకోవచ్చు. ధర వచ్చేదాకా ఆగొచ్చు. పామాయిల్ గెలకు ఆ వెసులుబాటు లేదు. చెట్టు నుంచి తెగిన దగ్గర్నుంచీ పండులోని ఎంజైములు నూనెను పాడు చేయడం మొదలుపెడతాయి. ఆమ్లాలు పెరుగుతాయి, నాణ్యత పడిపోతుంది. అందుకే కోసిన 24 గంటల్లోపు గెల కర్మాగారం చేరాలంటారు. ట్రాక్టరు తోటలోంచి బయటపడాలి, తూకం దగ్గర ఆగాలి, లారీకెక్కాలి, గేటు దగ్గర వరుసలో నిలబడాలి. అన్నీ ఆ 24 గంటల్లోనే! వానకు రోడ్డు కోసుకుపోతే ఆలస్యం, ఆలస్యమైతే నష్టం. రోడ్డు మీద ఒక్క గుంత పడితే ఆ లెక్క నేరుగా రైతు జేబుకు తగులుతుంది.

ఆ చెట్ల కిందే కోకో మొక్కలుంటాయి. పిల్లలు ఇష్టంగా తినే చాక్లెట్‌కు ముడిసరుకు ఆ కాయల్లోని గింజలే. వాటిని ఐదారు రోజులు పులియబెట్టి, ఎండబెట్టి బస్తాలకెత్తుతారు. కొబ్బరి, మొక్కజొన్న, నిమ్మ, జీడిమామిడి... మెట్ట పండించేవన్నీ ఇలా దూరపు సంతకు వెళ్లాల్సిన పంటలే. అందుకే ఇక్కడి రైతుకు నీటి తర్వాత అంతటి అవసరం రోడ్డు.

ఈ దారి మధ్యలో ఓ విచిత్రమూ ఉంది. పోలవరం కుడి కాలువ ఈ మెట్ట మీదుగానే వెళ్తుంది. పొడవు 174 కిలోమీటర్లు. 2015లో పట్టిసీమ పంపులు మొదలయ్యాక గోదావరి నీళ్లు ఇందులో పరుగెత్తి కృష్ణమ్మను చేరుతున్నాయి. ఏలూరు నుంచి వచ్చే బస్సు ఆ కాలువను దాటాకే పైకి వెళ్తుంది. నూటయాభై ఏళ్లకు పైగా కాలువ కోసం ఎదురుచూసిన నేలకు కాలువ అయితే వచ్చింది గానీ, అందులోని నీరు ప్రధానంగా కిందున్న డెల్టా కోసం. దానికి పైనున్న పొలాలకు నీరివ్వాలని 2008-09లో చింతలపూడి ఎత్తిపోతల పథకం మంజూరైంది. 2 లక్షల ఎకరాలు తడపాలన్నది మొదటి లక్ష్యం. తర్వాత దాన్ని ఇంకా పెంచారు. 2025 నాటికీ పథకం పూర్తికాలేదు. అప్పటిదాకా బోర్లే దిక్కు.

కోట అంటే కూడలి

తడికలపూడి దాటి, దారి మూడింట రెండు వంతులు గడిచాక కామవరపుకోట. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు ముద్దుగా 'కోట'. పేరులో కోట ఉన్నా ఇప్పుడు ఊరికి పేరు తెస్తున్నది కూడలే. దక్షిణాన ఏలూరు, ఉత్తరాన జంగారెడ్డిగూడెం. ఒకవైపు ద్వారకాతిరుమల మీదుగా భీమడోలు, ఇంకోవైపు గుంటుపల్లి గుహలు. నలుదిక్కుల నుంచీ వచ్చినవాళ్లు ఇక్కడ బస్సు మారతారు. ఆ ఖాళీలో టీ తాగుతారు, పురుగుమందు కొంటారు, బ్యాంకు పని చూసుకుంటారు.

1985లో మండలాలు ఏర్పడ్డాక ఊరికి మండల కార్యాలయాలూ వచ్చాయి. దాంతో చిన్న పనులకు ఏలూరు పరుగెత్తే బాధ తప్పింది. పెద్ద చదువులకు మాత్రం ఇప్పటికీ బస్సే. 1958లో పుట్టిన ఆర్టీసీ ఈ ఊళ్లకు తెచ్చిన పెద్ద మార్పు అదే. పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరే వీలుంటే ఆడపిల్లను కాలేజీకి పంపడానికి ఇంట్లో పెద్దలు ధైర్యం చేస్తారు. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితమైంది. ఇక ఛార్జీల గురించి అమ్మానాన్నలతో వాదించే పనీ లేదు!

మెట్లు కట్టించిన పుణ్యం

కోట నుంచి పక్కకు తిరిగి పది కిలోమీటర్లు వెళితే జీలకర్రగూడెం. ఆ ఊరి కొండ మీదే గుంటుపల్లి బౌద్ధ గుహలు. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దం నాటికే ఇక్కడ భిక్షువులున్నారు. రాతిని తొలిచి చేసిన వర్తులాకార చైత్యగృహంలోకి వంగి అడుగుపెట్టి తలెత్తి చూడండి. పైకప్పుకు గుడిసె వాసాల్లాంటి గీతలు! చెక్కతో ఇల్లు కట్టే పనివాడు రాతిలోనూ అదే ఇంటిని చెక్కాడు. బీహారులోని బరాబర్ కొండల్లో అశోకుడి కాలం నాటి గుహలకూ దీనికీ పోలికలు కనిపిస్తాయి. లోపలున్న స్తూపాన్ని చుట్టుపక్కల జనం ధర్మలింగేశ్వరుడని కొలుస్తారు. బుద్ధుడి పేరు మరిచిపోయినా ధర్మం పేరు మిగిలింది.

కొండ మీద ఇటుక చైత్యాలు, భిక్షువులు నిద్రించిన గదులు, వరుసలు తీరిన చిన్న చిన్న స్తూపాలు ఉన్నాయి. ఇక్కడి శాసనాలు చదివితే మరీ ముచ్చటేస్తుంది. మహామేఘవాహన వంశానికి చెందిన సిరి సద అనే రాజు దగ్గర పనిచేసే చుల గోమ అనే లేఖకుడు ఒక మండపాన్ని దానమిచ్చాడు. అంటే ఇవాళ్టి మాటల్లో ఆఫీసులో రాత పని చేసే ఉద్యోగి! మరో శాసనం ఈ కొండను మహానాగ పర్వతమని పిలుస్తూ, మెట్లు కట్టించిన దానాన్ని నమోదు చేసింది. విగ్రహం కాదు, బంగారం కాదు, మెట్లు. ఎక్కేవాళ్ల కాళ్లకు సుఖంగా ఉండాలని ఒకరు చేసిన ఆలోచన రెండు వేల ఏళ్లు నిలిచింది. ఈ ప్రాంతంలో మనకు తెలిసిన రోడ్డు పనుల్లో బహుశా ఇదే పాతది అనుకోవచ్చు.

గుహలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. పిల్లలతో వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లడం మంచిది. ఎండెక్కితే రాయి కాలుతుంది. తాగే నీళ్లు వెంట ఉంచుకోవాలి.

చినవెంకన్న దారి

కోట నుంచి మరోవైపు వెళితే ద్వారకాతిరుమల. భక్తుల నోట చినతిరుపతి. ఒకే గర్భగుడిలో స్వామికి రెండు మూలమూర్తులుండటం ఇక్కడి ప్రత్యేకత. అందుకే ఏటా వైశాఖంలో ఒకసారి, ఆశ్వయుజంలో ఒకసారి రెండు కల్యాణోత్సవాలు జరుగుతాయి. గుడి గోపురాలు, మండపాలు, స్వామి నగల వెనక మైలవరం, నూజివీడు జమీందార్ల కైంకర్యం ఉంది. మెట్ట, ఏజెన్సీ ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు కోట దారే దగ్గర. పెద్ద తిరుపతి వెళ్లలేనివాళ్లు ఇక్కడే తలనీలాలిచ్చి మొక్కు తీర్చుకుంటారు. పెళ్లిళ్ల రోజుల్లో ఈ దారిలో పెళ్లిబృందాల వ్యాన్లదే హడావుడి.

గూడేల గుమ్మం

కోట దాటాక ఊళ్ల పేర్లు వినండి. జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, బుట్టాయగూడెం... పల్లంలో పాలేలు, పేటలు ఎక్కువ. ఇక్కడ అన్నీ గూడేలే. గూడెం అంటే అడవి అంచున నాలుగు గుడిసెల పల్లె. ఆ అడవి వెనక్కి జరిగిపోయినా పేర్లలో మాత్రం చెట్ల వాసన ఉంది.

జంగారెడ్డిగూడెం చేరుతుంటే పొలాల్లో పొడవాటి గదుల్లాంటి కట్టడాలు కనిపిస్తాయి. అవి పొగాకు బ్యారన్లు. ఈ తేలిక నేలల్లో పండే వర్జీనియా పొగాకుకు విదేశాల్లో గిరాకీ. పచ్చి ఆకును కర్రలకు కట్టి, బ్యారన్‌లో వేలాడదీసి, రోజుల తరబడి వేడి తగిలిస్తే బంగారు రంగు తేలుతుంది. 1976లో పొగాకు బోర్డు వచ్చింది. 1985 నుంచి ఆంధ్రలో వేలం మొదలైంది. జంగారెడ్డిగూడెంలో రెండు వేలం కేంద్రాలున్నాయి. వేలం రోజుల్లో బేళ్లతో బారులు తీరిన ట్రాక్టర్లతో ఊరికి కొత్త కళ వస్తుంది. ఆ పక్కనే గుర్వాయిగూడెంలో మద్ది ఆంజనేయస్వామి. ధర బాగా పలికితే కొబ్బరికాయ ఆయనకే.

రోడ్డు ఇక్కడితో ఆగదు. జీలుగుమిల్లి మీదుగా అశ్వారావుపేట, అక్కణ్నుంచి భద్రాచలం వైపు సాగుతుంది. ఒకప్పుడు అశ్వారావుపేట నైజాం రాజ్యం, ఇటువైపు మద్రాసు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఆ గీత చెరిగిపోయింది. 2014 జూన్ 2న మళ్లీ అక్కడే రెండు రాష్ట్రాల బోర్డులు నిలబడ్డాయి. గీత ఎన్నిసార్లు మారినా సంతకు, పెళ్లికి, భద్రాద్రి రాముడి కల్యాణానికి వెళ్లే జనం ఆ దారినే వెళ్తున్నారు.

వాగు గుర్తుచేసే మాట

మెట్టకు వాన తక్కువని కాదు. పడినప్పుడు ఒక్కసారే పడుతుంది. తమ్మిలేరు, ఎర్రకాలువ, జల్లేరు... ఎండాకాలంలో ఇసుక తిన్నెలుగా పడి ఉండే ఈ వాగులు రాత్రికి రాత్రే పొంగుతాయి. తమ్మిలేరయితే ఏలూరు దగ్గర రెండు పాయలై ఊరిని చుట్టి కొల్లేరులో కలుస్తుంది. పైన కురిసిన వాన కింద ఊళ్లకు ఇలా తెలుస్తుంది. ఆ పరవళ్లకు ముందుగా దెబ్బతినేవి రోడ్డు అంచులు, కల్వర్టులు.

2021 డిసెంబరు 15ను ఈ ప్రాంతం మరచిపోలేదు. అశ్వారావుపేట నుంచి జంగారెడ్డిగూడెం వస్తున్న ఆర్టీసీ బస్సు వంతెన రెయిలింగును ఢీకొని జల్లేరు వాగులో పడింది. తొమ్మిది మంది ప్రాణాలు పోయాయి. ఆ దుర్ఘటన తర్వాత ఇటువైపు ఇరుకు వంతెన దాటే ప్రతి బస్సులోనూ కిటికీ పక్కనున్నవాళ్లు ఓసారి కిందికి చూసి ఊపిరి బిగబడతారు.

రోడ్లకు డబ్బు ఎక్కణ్నుంచి? 2020 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం లీటరు పెట్రోలు, డీజిలు మీద రూపాయి చొప్పున రోడ్డు సెస్సు విధించింది. 2024 నవంబరులో గుంతలు లేని రోడ్ల పేరుతో మరమ్మతుల కార్యక్రమం మొదలైంది. గుంత పూడ్చినంత మాత్రాన సరిపోదు. నీరు పక్కకు పోయే కాలువ లేకపోతే పూడ్చిన చోటే మళ్లీ గుంత పడుతుంది. గెలల లారీలు, కంకర టిప్పర్ల బరువుకు తగ్గ మందంతో రోడ్డు వేయకపోతే తారు మూడు వానలు కూడా తట్టుకోదు.

ఇప్పుడు ఈ సీమ మీదుగా మరో పెద్ద దారి వస్తోంది. ఖమ్మం నుంచి దేవరపల్లికి 162 కిలోమీటర్ల నాలుగు వరుసల గ్రీన్‌ఫీల్డ్ రహదారి. హైదరాబాదు నుంచి విశాఖ వెళ్లేవాళ్లకు గంటలు కలిసొస్తాయి. అయితే దాని మీదికి ఎక్కడపడితే అక్కడ ఎక్కడానికి వీల్లేదు. నిర్దేశించిన చోటే ఎక్కాలి, అక్కడే దిగాలి. పొలం గట్టు దగ్గర ఆగే బస్సు దాని మీద ఉండదు. తోటలోంచి వచ్చే ట్రాక్టరుకూ, కాలేజీకి వెళ్లే అమ్మాయికీ, చినవెంకన్నకు మొక్కుకున్న ముసలమ్మకూ కోట మీదుగా వెళ్లే పాత దారే కావాలి. కొత్త దారి ఎంత బాగున్నా, పాత దారి కల్వర్టు ఒక్కటి కూలితే ఆరోజు గెలలు తోటలోనే ఉండిపోతాయి.